ఒక జానెడు గోడ

…అని నిన్న అక్కడే ఆపేశానమ్మా, పిన్ని మెట్లెక్కుతున్న చప్పుడైతే. బురద వాసన గురించి కదా చెబుతున్నాను. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా గోళ్ల కింది నుంచి పోవడం లేదు. ముద్ద నోటి దాకా వస్తే చాలు, తడిసిన గోనెసంచిలో చచ్చిన చేపను చుట్టి ముక్కు దగ్గర పెట్టినట్టుంటుంది. నిన్న సగం తిని లేచిపోయాను. పిన్ని ఏమో ఈ వయసులో అందరూ సన్నబడాలనే చూస్తారంది.

సరే, ముందు రాయాల్సిన మర్యాద రాసేస్తాను. అమ్మకి నీ కూతురి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నువ్వూ అలాగే ఉండాలి. మేం క్షేమమన్నది మాటవరసకి కాదు. వరదొచ్చి నెల తిరక్కుండానే ఇంత క్షేమంగా ఉన్నది ఈ పేటలో మన ఇల్లే. దాని గురించే ఈ ఉత్తరం. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్ బాబాయ్‌ది. స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటాడు. నేను "ఊఁ, బాగున్నా" అంటాను, నువ్వు "దీనికి నోట్లో నాలుకే లేదు" అని నవ్వుతావు, కాల్ అయిపోతుంది.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. నీ బట్టల పెట్టె అటక మీదే ఉంది, తడవలేదు. స్కూల్ తెరిచారు, కింది తరగతుల బెంచీలు ఇంకా ఎండలోనే ఉన్నాయి. తెలుగులో తప్పులు దొర్లుతున్నాయన్నావు. ఇంగ్లీషులో రాస్తే నువ్వు పనిచేసే హాస్టల్లో ఎవరో ఒక నర్సు నీకు చదివిపెట్టాలి. ఇది నువ్వొక్కదానివే చదవాలి, అందుకని తప్పులతోనే సర్దుకో.

ఇక చివరి ప్రశ్న. ముందు గదిలో నడుం దాకా నీళ్లొచ్చాయని బాబాయ్ చెప్పాడట, అప్పుడు నేనెక్కడున్నానని అడిగావు. పాదం మునిగేంత వచ్చాయమ్మా, అంతే. నేను మెట్ల మీద కాళ్లు ముడుచుకుని చూస్తూ కూర్చున్నాను. గంటలో వెళ్లిపోయాయి.

నడుం దాకా ఎలా అయ్యాయో చెబుతాను. నీళ్లు తీసిన వారానికి ఒక మేడమ్ వచ్చారు, భుజాన కొలత టేపుతో. అందరూ మ్యాప్ మేడమ్ అంటారు. నీళ్లు నిలబడి తీస్తే గోడ మీద బురద చార మిగులుతుంది కదా, ఆవిడ ఇల్లిల్లూ తిరిగి ఆ చార ఎత్తు రాసుకుంటారు. ఆ చారలన్నీ కలిపి మ్యాప్ గీస్తారు. మళ్లీ వానలు ముదిరితే ముందు ఎవర్ని ఖాళీ చేయించాలి, పేటకున్న ఒక్క బోటు, ఒక్క పంపు ఎక్కడ ఉంచాలి అన్నది ఆ మ్యాపే చెబుతుంది. మనుషులు చెప్పింది మాత్రం రాసుకోరు. భయంతో ఎక్కువ చెబుతారు, సిగ్గుతో తక్కువ చెబుతారు, గోడకి ఆ రెండూ లేవు అన్నారు నాతో. ఆ మాట అప్పుడు భలే నచ్చింది.

బాబాయ్ పరుపుల గోడౌన్ మన వీధి చివరే కదా. పంపు ఇక్కడుంటే పరుపులకి ఢోకా లేదు. పైగా వరద కమిటీకి పెద్ద ఆయనే. మేడమ్ మన వీధి కొలవడానికి ముందు రోజు పొద్దున్న, చొక్కా మేకుకి తగిలించి, కాలవలోంచి బకెట్ నిండా బురద తెచ్చాడు. గోడ మీద నడుం ఎత్తున దారం పట్టి గీత కొట్టాడు. పాత చీపురు నా చేతిలో పెట్టి, డ్రాయింగ్‌లో ప్రైజులు తెచ్చిన చెయ్యి అన్నాడు. నేను పూశానమ్మా. పైన పలచగా, కింద చిక్కగా. బాబాయ్ రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి చూసి, రెండు ఎండుటాకులు తెచ్చి అంటించాడు, సహజంగా ఉండాలని. పిన్ని టీ తెచ్చి, "అబ్బ, అచ్చం వచ్చినట్టే ఉందండీ" అంది. ఆ గోడ ముందే నిలబడి టీ తాగాం. వాళ్లు బిస్కెట్లు ముంచుకుని తిన్నారు కూడా. సాయంత్రానికి ఆ బకెట్ ఎదురింటి కాంట్రాక్టర్ దగ్గరికి, అక్కడి నుంచి మందుల షాపాయన దగ్గరికి వెళ్లింది. మర్నాడు మేడమ్ వస్తే అందరూ ఒకటే ముఖాలు వేలాడేసుకున్నారు. మందుల షాపాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. వాళ్లని చూస్తే ఒళ్లంతా జెర్రులు పాకినట్టయింది.

ఇంతవరకూ చదివి, పెద్దవాళ్లు చేయిస్తే పిల్లేం చేస్తుందిలే అనుకుంటావు. ఆగు.

పల్లపు వీధిలో కుట్టుమిషన్ అవ్వ గుర్తుందా, నా చిన్నప్పటి గౌన్లన్నీ కుట్టింది? ఇప్పుడు ఆమెకి కాళ్లు లేవనే చెప్పాలి, ఉన్నాయి గానీ కదలవు. ఇవాళ స్కూల్ నుంచి అటు వెళ్లాను, జేబు చిరిగిందని అబద్ధం చెప్పి. అవ్వ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది. మేడమ్ వచ్చి నీళ్లెంత దాకా వచ్చాయని అడిగితే చెయ్యెత్తి చూపించిందట. గోడ మీద చూపించమన్నారట.

"గోడ చూస్తే అద్దంలా మెరుస్తోంది. ఏం కడిగావే తల్లీ, వరదొచ్చిందంటే నాకే నమ్మకం కుదరడం లేదు" అంది, నన్ను మెచ్చుకుంటూ.

పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

కడిగింది నేనేనమ్మా, నేనూ మా స్కూల్ టీమూ. బ్లీచింగ్ పొడి, బ్రష్షులు పట్టుకుని ఆ వీధంతా మేమే శుభ్రం చేశాం. మొదలుపెట్టే ముందు మేడమ్ మాకొక షీట్ ఇచ్చారు, ఇంగ్లీషులో. నేను లీడర్‌ని కాబట్టి నేను చదివి మిగతావాళ్లకి తెలుగులో చెప్పాలి. గ్లవ్స్ వేసుకోండి, తడిసిన స్విచ్‌లు ముట్టుకోకండి, అవన్నీ ఉన్నాయి. చివర ఒక లైను: మేం వచ్చి కొలిచేదాకా ప్రతి ఇంట్లో ఒక జానెడు గోడ కడక్కుండా వదిలేయండి, చార కనబడాలి. ముందు రోజు అది బాబాయ్‌కి నేనే చూపించాను. ఎందుకు చూపించానో తెలీదు, మెచ్చుకుంటాడనేమో. ఆయన షీట్ నాలుగు మడతలు పెట్టి నా జేబులో పెట్టాడు. "ఆ చివరి ముక్క చదవకు. శుభ్రం చేస్తే పాపమేం కాదు" అన్నాడు. అన్నీ చదివాను, అది వదిలేశాను. మేం బయటికొచ్చేసరికి ఆ వీధిలో ఒక్క చార లేదు. కమిటీ వాళ్లు చప్పట్లు కొట్టారు. సర్టిఫికెట్ బాబాయ్ చేతుల మీదుగానే ఇచ్చారు.

మొహం కడుక్కుని లోపలికొస్తే అవ్వ ఇనప బీరువా కనిపించింది. ఆ రోజు బురదలో దిగబడి ఎంత తోసినా కదలక, దాని వెనక కడగలేదు. ఇవాళ భుజం ఆనించి తోశాను. బెత్తెడు జరిగింది. చార ఉందమ్మా. మునివేళ్ల మీద లేస్తే గానీ నా వేళ్లు అందలేదు. నీళ్లు అంత ఎత్తున ఉంటే నువ్వెక్కడున్నావవ్వా అని అడిగాను. వీధివాళ్లు పైకప్పు రేకు లాగేసి, బస్తాని తీసినట్టు తీశారని చెప్పి నవ్వింది. ఈసారి మ్యాప్ వేసేవాళ్లు తన వీధికి బోటు పంపుతారట, ఇక భయం లేదట. ఆ మ్యాప్ మీద సంతకాలు రేపు పొద్దున.

మిషన్ పక్కనున్న సుద్దముక్క తీసుకుని చార పక్కన అడ్డంగా గీత గీశాను. మ్యాప్ పని కోసం మా స్కూల్లో మేడమ్‌కి ఇచ్చిన గది తలుపు కింద చీటీ తోశాను. పల్లపు వీధిలో బీరువాల వెనక చూడండి, పై వీధి గోడలు తడిగుడ్డతో తుడిచి చూడండి, మా ఇంటి నుంచే మొదలుపెట్టండి అని రాశాను. షీట్‌లో వదిలేసిన లైను గురించి కూడా రాసి, కింద నా పేరు పెట్టాను. పెట్టకపోతే ఎవరూ నమ్మరు. ఇంటికొచ్చి అదే చీపురుతో మన గోడ కడిగేశాను. అడుగున గోడకి ఇంకిన అసలు చార బయటపడింది, పాదం ఎత్తున, బుద్ధిగా.

భయంగా ఉందమ్మా. నన్ను ఇంట్లోంచి పొమ్మంటే నీ దగ్గరికి రానా? నీ గదిలో ఇద్దరికి చోటు లేదని తెలుసు. మంచం కింద పడుకుంటాను. రావద్దంటే మాత్రం ఫోన్‌లో చెప్పకు.

గేటు చప్పుడైంది. బాబాయ్ చెప్పులే. ముందు గదిలో ఆగాయి. ఇంకా అక్కడే ఉన్నాయి.

మెట్లెక్కుతున్నాడు.

తలుపు కొడుతున్నాడు. ఈ కాగితాలు పరుపు గలీబులో దోపేస్తున్నాను, ఇవి నీకు చేరాలి. కానీ గడియ తీస్తాను. అడిగితే చెబుతాను.

ఇట్లు,
నోట్లో నాలుక ఉన్న నీ కూతురు