నెట్టితే తప్పయ్యే ఆట

అనంతపురం, ఆగస్టు 1962

బావ సామేలుకు యాకోబు వందనాలు, ఇక్కడ అందరం క్షేమం.

నెట్‌బాల్ అంటే ఆడపిల్లలు ఒకరినొకరు నెట్టుకునే ఆట అని నేను నవ్వులాటకు చెప్తే, నిజమని నమ్మి నువ్వు మన రాహేలు పందేలకు సింహళం పోయే ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేయనన్నావట. నిన్న దాని ఆట చూశాను. బంతి కోసం గాలిలోకి లేచిన పిల్ల, దిగే పనే లేనట్టు ఎండలో తేలింది. మన నాపరాళ్ల గనిలో తిరిగిన కాళ్లేనా అవి అనిపించింది.

"మామా, నెట్టితే ఈల ఊది ఆట ఆపుతారు. నాయనకు నువ్వే చెప్పల్ల," అని కళ్లు తుడుచుకుంది.

మన దేశపు జట్టుకు అదే కెప్టెన్, బావా. అబద్ధం నాది, శిక్ష పిల్లకు వేయొద్దు.

అక్క మోకాలి నొప్పి తగ్గిందా? వాన పడిందా? పిల్లలకు నా దీవెనలు.

శనివారం వస్తున్నాను. అక్కను సంగటి కెలకమను, నువ్వు తిట్టేదంతా తిట్టు. కాగితం మీద నీ వేలు పడినాకే నేను ముద్ద ముడతాను.