పాప తొలిపిండికి ఎవరి కాయలు

మానంతవాడి, వయనాడు
ఆదివారం

చిన్నారి జిన్సీకి,

నీ పాపకు ఆరో నెల రాగానే పెట్టే పిండికి రోసమ్మ తోటలోని కున్నన్ అరటికాయలే ఎండబెట్టమన్నావని మీ నాన్న చెప్పాడు. మీ అమ్మను కన్నది ఆమె, మీ నాన్నను కన్నది నేను. మా తోటలకు మధ్య ఒకటే కంచె. అయినా నా కాయలు నీకు గుర్తు రాలేదు.

దాచను, కుళ్ళుకున్నాను. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే కషాయం తాగించింది నేను, తర్వాత బెల్లం ముక్క పెట్టింది ఆమె. నీకు గుర్తున్నది బెల్లం. బాప్తిస్మం నాడు పాప నా ఒళ్ళో గుక్కపట్టి ఏడ్చి, ఆమె ఒళ్ళోకి వెళ్ళగానే నిద్రపోయింది. నేను ప్రార్థన పుస్తకం తెరిచి కూర్చున్నాను గాని ఒక్క ముక్క చదవలేదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కుళ్ళు కాదు. పోయిన వారం ఆమె, గెల వేసిన చెట్ల మట్టల సందుల్లో ఊదారంగు గుళికలు వేస్తుంటే చూశాను. అవి కార్బమేట్ మందు. లేత మొక్కలకు వేసేవి.

"గెల వేశాక ఇదేమిటి రోసమ్మా?" అన్నాను.

"పురుగు కాండం తొలిచేస్తోంది చేడత్తీ. చిటికెడే వేశా. వానకు కడుక్కుపోదూ?"

"పోదు. చెట్టు లోపలికి పీల్చుకుంటుంది."

"అరటిచెట్టుకీ మార్కులు తగ్గిస్తారా మీరు!" అని నవ్వింది. పనివాళ్ళూ నవ్వారు.

కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, విను. ఆవు ఆ మందు తిని బతికిందంటే, దాన్ని విరిచి ఒకటి రెండు రోజుల్లో చాలావరకు మూత్రంలో వదిలేస్తుంది. చెట్టుకు ఆ దారి లేదు. మందు రూపు మారుస్తుంది, కాని మారిన రూపాల్లో ఒకటి మొదటిదానిలాగే విషం. దానికి చక్కెర తగిలించి తనలోనే దాచుకుంటుంది. తిన్నవాళ్ళ కడుపులో ఆ చక్కెర ఊడితే మళ్ళీ విషమే. అదంతా విరిగిపోయేలోగా గెల కోతకు వస్తుంది. తొక్క తీసినా, ఎండబెట్టినా నమ్మకం లేదు. పాపంత ఒంటికి కొంచెమే ఎక్కువ.

నేను చెబితే అసూయ అంటారని ఈ వారమంతా నోరు మూసుకున్నాను. నా కాయలూ వాడకు, రాగిజావ పెట్టు. ఆ గెల మాత్రం వద్దు.

నీ అమ్మచ్చి,
మరియక్కుట్టి


మానంతవాడి
శుక్రవారం

జిన్సీ,

నా ఉత్తరం రోసమ్మకు చదివి వినిపించావట. కుళ్ళుకున్నానన్న ముక్క కూడానా? నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది?

ఈ ఉదయం ఆమె కత్తి పట్టుకుని కంచె దగ్గర నిలబడింది. పోట్లాటకే వచ్చిందనుకున్నాను.

"మందు వేసిన చెట్లన్నీ నరికేశా చేడత్తీ. కాండాలు ఆవులకు వేయొచ్చా?"

"వద్దు. పాతిపెట్టు."

"సరే. ఇంత తెలిసీ నాకెందుకు గట్టిగా చెప్పలేదు? నవ్వాననా? నేను దేనికైనా నవ్వుతా. మా ఆయన శవపేటిక ఇరుకైతే కూడా నవ్వా. చెవి మెలిపెట్టి చెప్పాలి గాని!"

కత్తిని కంచె మీదుగా నాకు అందించింది.

"ఇక మీ గెల కొట్టండి. ముక్కలు నేనే కోస్తా. మీవి లావుగా వస్తాయి, ఎండవు," అంది.

నా కాయలు ఇప్పుడు ఆమె చాప మీద ఎండుతున్నాయి. పాపకు ఎవరివని చెబుతావో నీ ఇష్టం. కాని జిన్సీ, ఊరంతా మెచ్చుకున్న గెలను మారు మాటాడకుండా నరికి, నవ్వుతూ నా దగ్గరికే వచ్చింది చూడు, అది నా చేత అయ్యేది కాదు. కాయల కన్నా ఇందుకే ఎక్కువ కుళ్ళుకుంటున్నాను.

మరియక్కుట్టి అమ్మచ్చి