నీ సంగతులు చెప్పే మనిషి

డ్యూటీకి వెళ్తున్నాను, నిన్ను లేపలేదు. టిఫిను మూతపెట్టి ఉంచాను, తినకుండా మళ్ళీ పడుకోకు. తడిబట్టలు నేనే ఆరేశాను. నువ్వు వెళ్ళి ఆ పెరటిగోడ దగ్గర నిలబడొద్దు.

పక్కింటి వదినగారు పోయినందుకు నాకూ బాధగానే ఉంది. కానీ ఆవిడంటే నాకు మొదటినుంచీ కుళ్ళే. గోడ దగ్గర నవ్వులన్నీ ఆవిడకి, ఇంట్లో ముక్తసరి మాటలు కట్టుకున్నవాడికి. నీ పంటినొప్పి సంగతి కూడా నాకు ఆవిడ చెబితేనే తెలిసింది. “ఏం మరిదిగారూ, దానికి దవడ వాచింది, కనబళ్ళేదా?” అని నన్నే దులిపేసింది. ఇప్పుడు పోయి కూడా నిన్ను తనవైపే లాక్కుంది.

పంటినొప్పి మాత్ర ఫ్రిజ్ మీద ఉంది. నొప్పి తగ్గిందో లేదో సాయంత్రం నువ్వే చెప్పు. నీ సంగతులు నాకు చెప్పడానికి ఇక ఆవిడ కూడా లేదు.