అటకకు పోతున్న చల్లగాలి

యూమా, జూలై

ఆర్విల్ బావగారికి,

అత్తయ్య కులాసాయే. కానీ ఈ వేసవంతా ఆమె, నేను ఒకే గదిలో తలుపు మూసుకుని ఉంటున్నాం. ఏసీ ఆగకుండా నడుస్తున్నా చల్లగాలి వచ్చేది ఆ గదికే. కరెంటు బిల్లు మాత్రం నిరుటికి రెట్టింపు. గది దాటితే అత్తయ్యకు ఊపిరాడదు. ఆమెను వదిలి నేను కదలలేను.

ఇల్లంతటికీ ఒకటే ఏసీ కదా, ఇంటికప్పు కింద అటకలోని గొట్టాల్లోంచే గదులన్నిటికీ గాలి రావాలి. ఆ గొట్టాల అతుకులకు మీ తమ్ముడు స్వయంగా బూడిదరంగు టేపు చుట్టారు. వేడికి జిగురెండి అది ఊడి, గాలి దారిలోనే పోతున్నట్టుంది. పనివాణ్ణి పిలుద్దామంటే, "ఆ టేపు చుట్టి మా నాన్న ట్రాక్టరే నడిపాడు! నా పనికి వంకపెట్టడానికి ఇంకొకడా?" అంటారు.

"నీ టేపు మీద నమ్మకం ఉందిరా డెల్బర్ట్, నా ఊపిరి మీదే లేదు" అంది అత్తయ్య.

నిన్న మధ్యాహ్నం ఆయన అతుకులు చూస్తానని అటకెక్కి, చాలాసేపటికి దిగారు. ఈ ఎండల్లో అక్కడ మనిషి ఉడికిపోవాలి. ఆయన చొక్కా మీద చెమట చుక్క లేదు. మేమిద్దరం ఆ చొక్కానే చూశాం. ఆయనా చూసుకున్నారు.

ఆదివారం భోజనానికని మీరూ అక్కయ్యా రండి. మీరు పెద్దవారు, వచ్చి పనివాణ్ణి పిలిపిస్తే ఆయన కాదనలేరు. వడ్డన అత్తయ్య గదిలోనే. మంచం చుట్టూ సర్దుకుని కూర్చోవాలి, ఏమీ అనుకోకండి.

మీ మరదలు