కప్పు కోసిన కారు

తమ్ముడికి,

అక్క ముందు దీవించి, వెంటనే తిట్టి రాయునది.

మీ బావగారి పుట్టినరోజుకి ముక్కలు అతికించి చేసుకునే జానెడు కారు బొమ్మ పంపావు చూడు, నీ తెలివి తెల్లారినట్టే ఉంది. చక్కగా అతికించి బీరువాలో పెట్టుకుంటారనుకున్నాను. ఈ మహానుభావుడు నిక్షేపంలాంటి కారుకి కప్పు కోసేశారు! కిటికీల నిలువు కమ్ములు సగానికి తగ్గించి, అదే కప్పు కిందికి దించి మళ్ళీ అతికించారు. పందెం కారంటే నేలని కరుచుకుని ఉండాలట. అతుకులకి లప్పం పెట్టడం, ఉప్పుకాగితంతో రుద్దడం, రంగు కొట్టడం, నచ్చలేదని మళ్ళీ రుద్దడం. గోడలకి సున్నం వెయ్యమంటే మాత్రం నడుం నొప్పి.

"ఏమండీ, అందులో కూర్చున్నవాడు తల ఎక్కడ పెట్టుకుంటాడు?" అన్నాను.

"వాణ్ణీ నడుం దగ్గర కోసి పొట్టి చేశాలేవే" అన్నారు. డ్రైవరు బొమ్మని నిజంగానే కోశారురా!

ఇదంతా నవ్వులాటే అనుకో. కానీ తడి రంగు మీద దుమ్ము పడుతుందని తలుపులూ కిటికీలూ బిగించుకుంటున్నారు. ఆ ఉబ్బసం మనిషికి రంగు వాసన పడదని డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావుగా. నిన్న భయమేసి కిటికీ తీశాను. రంగు మీద నలుసులు పడ్డాయి. మొత్తం గీకేసి, మళ్ళీ మొదటినుంచి కొడుతున్నారు. నా జాగ్రత్త వల్ల వాసన రెట్టింపయింది.

నా మాట చెవికెక్కదు. కారు ఇచ్చినవాడివి, నువ్వే వచ్చి ఆయన రంగు కొట్టే బల్ల వసారాలో వేయించు. లోపల దగ్గు వినిపిస్తే భయం. వినిపించకపోతే లేచి వెళ్ళి తలుపు కొడుతున్నాను. "బతికే ఉన్నానే!" అంటారు, అదీ విసుక్కుంటూ.

చేతిలో ఇంకో కారుతో వచ్చావో, గుమ్మంలోంచే తరిమేస్తాను.

నీ అక్క