సింధూరి అడగాల్సిన బ్రాంచి

భావనపాడు,
సెప్టెంబరు 14.

సింధూరికి,

అనిత రాస్తున్నది. ఇక్కడ అమ్మా, అన్నయ్యా, నేనూ కులాసా. చిలకాలో నేవీ ట్రైనింగు బాగానే సాగుతోందని, నువ్వు కాస్త నల్లబడ్డావని మీ నాన్నగారు చెప్పారు. ఫోను ఆదివారం మాత్రమే ఇస్తారట, అదీ ఇంటికే సరిపోతుందట. అందుకే ఈ ఉత్తరం. క్షేమ సమాచారాలు ఇంతటితో సరి. మిగతావన్నీ తిట్లే, కూర్చుని చదువు.

నిన్న రాజాంలో మీ కొట్టుకు వెళ్ళాను, నీ కబురు తెలుస్తుందని. సూర్యారావుగారు కందిపప్పు తూకం వేస్తూనే సంబరంగా చెప్పారు: "మా అమ్మాయి స్టోర్సు అడుగుతాదట. కొట్లో పుట్టిన పిల్లకి సరుకుల లెక్క కొత్తేటి?" ఒళ్ళు మండి, కొన్న బెల్లం అక్కడే వదిలేసి వచ్చేశాను.

ఒసే, నీకు మతి ఉందా? మార్కుల్లో అందరికంటే ముందున్నావు. కోరుకున్న బ్రాంచి ముందున్నవాళ్ళకే దొరుకుతుంది. ఎలక్ట్రికల్ అడిగితే రాడార్లు, జనరేటర్లు చేతికిస్తారు. మీరు అగ్నివీరులు కదా, నాలుగేళ్ళయ్యాక నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు. మిగతావాళ్ళు ట్రంకుపెట్టె పట్టుకుని ఇంటికి రావాల్సిందే. అప్పుడు ఆ పని తెలిసినవాళ్ళకి ఓడరేవుల్లో, విమానాశ్రయాల్లో, ఫ్యాక్టరీల్లో చోటుంటుంది. నీకో? మీ నాన్నగారు గల్లాపెట్టె పక్కన పీట వేసి ఉంచుతారు. ఆ పీట వద్దనుకునే కదా, రోజూ పొద్దున్నే నాతో పాటు కాలేజీ గ్రౌండులో పరుగెత్తావు?

మా శివాజీ అన్నయ్యని చూశావుగా. పదిహేనేళ్ళు నేవీలో ఉన్నాడు. చేరిన కొత్తలో స్నేహితులంతా స్టీవార్డులుగా, అంటే ఆఫీసర్లకు వడ్డించే పనికి, వెళ్తుంటే తనూ వాళ్ళ వెంట వెళ్ళాడు. ఇప్పుడు శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రి గేటు దగ్గర కాపలాకి నిలబడుతున్నాడు. నీ సంగతి చెబితే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు: "బయటికొచ్చాక నీకేటొచ్చని అడిగినోళ్ళందరికీ ట్రే పట్టుకోడమొచ్చని సెప్పేను. ఆ పిల్లకి రాయి. గట్టిగా రాయి."

నీతో ఉన్న కేరళ పిల్ల స్టోర్సుకే వెళ్తోందట, ఆమెను విడిచి ఉండలేవట. ఇది మీ నాన్నగారు చెప్పలేదు, కొట్టు దిగి వస్తుంటే మీ చెల్లి అర్చన చెప్పింది. బ్రాంచి అంటే సినిమాకి తోడు వెళ్ళడమనుకున్నావా? హాస్టల్లో నీళ్ళ మోటారు కాలిపోతే, మెకానిక్కు కోసం ఎదురుచూడకుండా విప్పేసి, తీగ చుట్టి, మళ్ళీ తిప్పించిన మనిషివి. చేతులు నూనె చేసుకుని ఆ రోజు ఎంత నవ్వావో గుర్తుందా? అంత నవ్వు కందిపప్పు బస్తాల దగ్గర నీ ముఖాన నేనెప్పుడూ చూడలేదు.

ఈ నెలాఖరున ఎవరికేది కావాలో అడుగుతారని అర్చన చెప్పింది. ఎలక్ట్రికల్ అను. అనకపోతే సెలవుకొచ్చినప్పుడు భావనపాడు వైపు రాకు. వచ్చినా తలుపు తియ్యను.

కోపంతోనే,
అనిత

తా.క.: వచ్చే బ్యాచిలో నేనూ వస్తానని, నీ పక్క మంచం ఉంచమని అన్నాను కదా. ఉంచకు. పోయిన నెల మెడికల్లో నన్ను తీసేశారు. డాక్టరమ్మ నా వెనక నిలబడి ఒక్కో చెవికి గుసగుసగా ఒక మాట చెప్పి, తిరిగి చెప్పమంది. కుడి చెవికి చెప్పింది చెప్పేశాను. ఎడమ చెవికి ఎప్పుడు చెప్పిందో నాకు తెలియలేదు. ఇంకా చెబుతుందని అలా నిలబడే ఉన్నాను.