చిక్కుడు పందిరికి రాత్రి ఇప్పించమని

వీధి దీపాల శాఖాధికారి గారికి

విషయం: మా పెరటి పక్కనున్న వీధి దీపం చక్కగా వెలుగుచున్నందున కలుగుచున్న నష్టం గురించి.

అయ్యా,

వచ్చే నెలాఖరులోపు పందిరంతా పూత రాకపోతే మా చిక్కుడు పాదులు పీకి గేదెకు వేస్తానని మా నాన్న తేల్చి చెప్పారు. పూతకు సిద్ధపడటానికి మొక్కకు కొన్ని వారాలు పడుతుంది. అందువల్ల ఈ అర్జీ ఇప్పుడే రాయవలసి వచ్చింది.

1. సదరు పాదులకు తెగులు లేదు, ఎరువు తక్కువ కాలేదు. పందిరిలో మా ఇంటి గోడ నీడ పడే సగం పూసి, కాయ కూడా దిగింది. దీపం వెలుగు పడే సగం ఆకులు మాత్రమే వేస్తున్నది. విత్తనం ఒక్కటే, పాతిన చేయీ ఒక్కటే.

2. కారణం మనవి చేస్తున్నాను. మొక్క కణాల్లో గడియారం వంటిది ఉంటుంది. దాన్ని కొన్ని జన్యువులు వంతులవారీగా నడుపుతాయి. ఉదయం పనిచేసేవి సాయంత్రపు వాటిని అణచి ఉంచుతాయి, సాయంత్రం లేచేవి ఉదయపు వాటిని ఆపుతాయి. ఆ గడియారంతో మొక్క రాత్రి ఎంత పొడవో కొలుచుకుంటుంది. మా రకం చిక్కుడు రాత్రులు పొడవైతేనే పూస్తుంది. తమ దీపం కింద దానికి రాత్రే కావడం లేదు. ఎండాకాలం ఇంకా పోలేదనుకుని తీగ సాగిస్తూనే ఉన్నది. ఇందులో మొక్క తప్పేమీ లేదు.

3. ఈ సంగతి తమ కార్యాలయంలో చెప్పగా, ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా గారు దీపం వెలగడం లేదా అని అడిగారు. వెలుగుతున్నదన్నాను. "మరి ఫిర్యాదేంటమ్మా? వెలగట్లేదంటే రాసుకుంటాను. వెలుగుతోందని రాయడానికి నా దగ్గర గడి లేదు" అన్నారు. బతిమాలగా, ఉన్న గడిలోనే 'దీపం సరిగా లేదు' అని రాశారు.

4. మరునాడే లైన్‌మన్ గారు వచ్చి ఇంకా పెద్ద బల్బు బిగించి వెళ్ళారు.

5. మళ్ళీ ఫిర్యాదు చేశాను. స్తంభానికి రెండో దీపం వచ్చింది. తమ శాఖవారి శ్రద్ధకు కృతజ్ఞతలు. మూడోసారి ఫిర్యాదు చేసే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

6. ఈ విత్తనం ఎంచినది నేను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. నాన్న రోజూ పందిరిలో పూయని సగం కింద నిలబడి, "మీ పుస్తకంలో పూసిందా తల్లీ?" అని అడుగుతున్నారు. వచ్చే ఏడు చెల్లిని కాలేజీలో చేర్చే మాట ఎత్తితే, ముందు ఆ సగంలో పూత చూపించమంటున్నారు.

దీపం తీసేయమని కోరడం లేదు. మా అమ్మ పని ముగించుకుని వచ్చేది ఆ దారినే. పందిరి వైపు మాత్రం ఒక రేకు అడ్డం బిగించమని ప్రార్థన. రేకు మేమే ఇస్తాము. దయతో చిత్తగించి, ఈ నెల ఇరవయ్యో తేదీలోగా జవాబు ఇప్పించవలెను.

తమ విధేయురాలు,
చిక్కుడు పందిరి వారి పెద్దమ్మాయి

తా.క.: మా నాయనమ్మ పాత దుప్పటితో ఆ రెండు దీపాలకూ ముసుగులు కుట్టేసింది. వాటిని తొడగడానికి పొడుగాటి గడ కూడా తెచ్చి గోడకు ఆనించింది. "అర్జీలెందుకే పిచ్చిదానా, దీపం వెలగట్లేదని చెప్తే రేపే పరిగెత్తుకొస్తారు, రాగానే రేకు చేతిలో పెడదాం" అంటున్నది. ఇరవయ్యో తేదీ దాకా ఆగుతానని ఒట్టు వేయించుకున్నాను. ఇరవై ఒకటి గురించి మాత్రం తను ఏ ఒట్టూ వేయలేదు.